పదికి పది

అనకాపల్లి, మధ్యాహ్నం మూడున్నర. సైనిక ప్లాన్లను బల్లమీద ఆడి చూసే వార్ గేమ్‌లకు మార్కులు వేసే రిటైర్డ్ కల్నల్ జియావుద్దీన్ ఇంటికి కెప్టెన్ సుప్రియ వచ్చింది.

"కూర్చో అమ్మా. ఎలమంచిలి నుంచి బస్సులో వచ్చేవా?"

"బస్సు సంగతి తర్వాత సార్. ఆరుసార్లు ఫోన్ చేసేను. ఎత్తలేదేటి?"

"పక్క గదిలో ఉండిపోయింది. షర్బత్ తాగు."

"ఏటీ వద్దు. మొన్నటి గేమ్‌లో మనవాళ్ళ ప్లాన్‌కి మీరేసిన మార్కులు కొట్టేయండి."

"పదికి పది వేసేను. తగ్గించమని వచ్చినదానివి నువ్వొక్కదానివే."

"నవ్వకండి సార్. శత్రువు వేపు ఆడింది నేను. ఓడిపోలేదు, ఓడిపోయినట్టు ఆడేను."

"ఎక్కడ?"

"వంతెన దగ్గర. మనవాళ్ళ మొదటి బండి మధ్యకి రాగానే పేల్చెయ్యాలి. ఎవడైనా అదే చేస్తాడు. చెయ్యి చాపేను కూడా."

"మరి?"

"ప్లాన్ వేసిన బ్రిగేడియర్ గారు కళ్ళజోడు పైకెత్తి, 'నా వంతెన మీదే కన్నేశావా?' అన్నారు. అందరూ నవ్వేరు."

"నువ్వు?"

"నేనూ నవ్వేను. చెయ్యి వెనక్కి తీసేసుకున్నాను."

"పెద్దాయన ముందు ఎవరైనా..."

"ఇప్పుడది ఆట కాదు సార్. నాలుగింటికి నిజం శత్రువు ముందే నిజం బండ్లు అదే వంతెన ఎక్కుతాయి. నలభై మంది. మీ మార్కులు చూసే ఆర్డరిచ్చేరు. మీరు కాదంటే ఆగుతాయి."

"నువ్వే చెప్పొచ్చు కదా."

"చెప్పేను. 'పదికి పది వచ్చాక ఇంకేంటి?' అన్నారు బ్రిగేడియర్ గారు."

"అలా అన్నారా..."

"సార్, మీరు నా ఎదురుగానే కూర్చున్నారు. నా చెయ్యి చూళ్ళేదా?"

"షర్బత్ చల్లదనం పోతోందమ్మా."

"చూసేరా, లేదా?"

"చూసేను."

"చూసే పదికి పది వేసేరా?"

"ఆయన కింద పద్నాలుగేళ్ళు పనిచేసేను. పక్కనే ఉన్నారు, కాగితంలోకి చూస్తూ. పెన్ను అలా నడిచిపోయింది."

"సరే, అయిపోయింది. ఇప్పుడైనా ఆయనకి ఫోన్ చెయ్యండి. ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది."

"ఫోన్ పక్క గదిలో లేదు. జేబులోనే ఉంది. పొద్దుట నుంచీ ఆయన నంబరు నొక్కడం, కట్ చేసెయ్యడం."

"ఇలా ఇవ్వండి, నేను కలుపుతాను. ఇందులో అరగంట క్రితం మాట్లాడినట్టుంది, ఈ అతీక్ ఎవరు సార్?"

"మా అబ్బాయి. మొదటి బండి వాడికిచ్చేరట. 'దిగులు పడకండి అబ్బాజాన్, మీరు పాస్ చేసిన దారే కదా' అన్నాడు."