సొంత చక్రాల కప్పు

యార్క్‌షైర్ కొండల్లో స్కెల్‌బీ అనే ఊరు. ఎప్పటిలాగే వాన పడుతున్న ఒక శనివారం మధ్యాహ్నం. బుడగ కార్లని పిలిచే గుండ్రటి బుల్లి కార్ల మోజున్న విల్ఫ్ గారి వంటగది, ఎదురుగా ఆయన భార్య డోరీన్. తెల్లారితే కొండల అవతల, నలభై మైళ్ళ దూరంలో ఒక మైదానంలో పాత కార్ల, బుల్లి కార్ల ప్రదర్శన.

"అది కాదు విల్ఫ్, నేనడిగేది ఒక్కటే. నా జామ్ సీసాలో చచ్చిన ఈగలెందుకున్నాయి?"

"ఈగలా?"

"ఈగలే. మూతకి బెజ్జాలు కూడా పెట్టావు. చచ్చినవాటికి గాలెందుకు?"

"పట్టినప్పుడు బతికే ఉన్నాయి పిల్లా."

"ఎందుకు పట్టావు?"

"ఊరికే."

"పింఛను తీసుకునే మనిషి ఊరికే ఈగలు పట్టుకుంటూ తిరుగుతాడా? రేపటికేగా? కారు అద్దానికి అంటించడానికేగా?"

"మెల్లగా అను. కిటికీ తీసుంది."

"పోయినేడు నా గిన్నె మాడిందీ అందుకే. పంచదార పాకం పట్టి, ఒక్కొక్క ఈగనీ పటకారుతో..."

"మరి? నలభై మైళ్ళు తోలుకొచ్చిన కారు అద్దం మీద ఒక్క ఈగైనా లేకపోతే ఎవరు నమ్ముతారు? కమిటీ వాళ్ళు ముందు చూసేది అద్దం. తర్వాత చక్రాల మీద బురద. ఆ తర్వాత మనిషి నడుం. నేను నడుం పట్టుకుని దిగుతానా, పోయినేడు అది చూసి ఒకాయన కళ్ళు తుడుచుకున్నాడు."

"నువ్వు తోలింది పబ్ వెనక నుంచి మైదానం దాకా! మైలు కూడా లేదు. మిగతా దారంతా మా తమ్ముడి గుర్రాల ట్రైలర్లో, గడ్డి మీద, దుప్పటి కింద."

"ట్రైలరన్న మాట ఈ ఇంట్లో అనొద్దని చెప్పానా లేదా? మా వాళ్ళల్లో అది బూతు మాట. కారుని ట్రైలర్లో తెచ్చినవాడి పక్కన కూచుని టీ కూడా తాగరు."

"తాగనిది నువ్వే. ఆ పెద్ద కారాయన్ని పట్టుకుని 'ఏం దొరా, పసిపిల్లని తొట్టిబండిలో తోసుకొచ్చావా' అని పదిమందిలో అనలా?"

"అనాలి. నేననకపోతే నా మీద అనుమానం రాదూ?"

"సరే. నీ కారు డైసీ ఇంజనేమో సింకు కింద బకెట్లో ఉంది. మరి రేపు పబ్ నుంచి మైదానానికి ఎలా తీసుకెళ్తావు?"

"అక్కడ పల్లం కదా. దానంతటదే పోతుంది."

"కప్పు కోసం ఇన్ని పాట్లా విల్ఫ్? దాన్లో నేను బిస్కట్లు పోసుకుంటున్నాను."

"నీకు బిస్కట్ల డబ్బా. నాకు ఊళ్ళో తలెత్తుకు తిరగడం. సొంత చక్రాల మీద నడిపించుకొచ్చినవాడికిచ్చే కప్పది. ఏటా నాదే. అది పోయిన రోజున నేను కొండకవతల ఇంకో ఊరు చూసుకోవాలి... ఎవరది, తలుపు కొడుతున్నారు?"

"ఇంకెవరు, మీ బుల్లి కార్ల క్లబ్బు హెడ్లీ. ఆ మనిషి తట్టే తీరే అంత, అప్పులవాడి లాగా."

"అయ్యో! బకెట్ మీద గుడ్డ కప్పు!"

"ఏ గుడ్డ?"

"ఏదో ఒకటి! టేబుల్ గుడ్డ లాగెయ్!"

"లోపలికి రావచ్చా? ఏం విల్ఫ్, ఈ టేబులేమిటి, బోసిపోయింది? డోరీన్, ఆ టీ నాకేనా? మంచిదానివమ్మా. విన్నారా కబురు?"

"ఏం కబురు హెడ్లీ?"

"కమిటీ వాళ్ళు కొత్త పద్ధతి పెట్టారు. సొంత చక్రాల కప్పుకి పోటీపడే బుల్లి కార్లన్నీ రేపు పొద్దున్నే మన సంత వీధిలో చేరాలి. అక్కణ్ణుంచి మైదానం దాకా వరసగా ఊరేగింపు. ముందు కమిటీ మనిషి సైకిల్ మీద."

"సైకిలేమిటి?"

"మనకన్నా ముందుండడానికి అది చాలన్నాడు."

"ఊఁ. దాని వెనక?"

"దాని వెనక కప్పు గెలిచినవాడు. అంటే నువ్వే. నువ్వు రాకపోతే కప్పు వెనక్కిచ్చెయ్యాలి... డోరీన్, మీ ఆయన మొహం రంగు మారింది."

"బిస్కట్టు గొంతులో పడ్డట్టుంది. చెప్పు హెడ్లీ, చెప్పు, నాకు ముచ్చటగా ఉంది."

"క్లబ్బులో అందరూ ఎదురుచూస్తున్నారు. కొండ మీద ఇంజనాగిపోతే తలుపు తీసి, దానికి దుప్పటి తెరచాపలా కట్టి, గాలివాటున కొండ దాటించావే, ఆ చోటు చూపించాలట."

"ఏ దుప్పటి విల్ఫ్?"

"నువ్వూరుకో డోరీన్."

"ఆ కథ విని ఇద్దరు కొత్తగా చేరారు క్లబ్బులో. ఒకాయన దుప్పటి కూడా కొన్నాడు."

"హెడ్లీ, నేను కొన్నాళ్ళుగా ఒకటి ఆలోచిస్తున్నాను. అసలు మనమా ప్రదర్శనకి వెళ్ళాలా అని."

"ఏం? ఎందుకని?"

"అక్కడ మనకేం మర్యాద ఉంది? పొడుగు ముక్కు కార్లవాళ్ళకి చెట్ల నీడ. మనకి మరుగుదొడ్ల పక్కన చోటు."

"అవునవును. పోయినేడు ఒకావిడ నా కారు తలుపు తట్టి 'లోపలెవరైనా ఉన్నారా' అని అడిగింది. ఆవిడ వెనకాల ఇంకో ఇద్దరు నిలబడ్డారు."

"అదీ! మనిషికి ఆత్మగౌరవమనేది ఒకటుండాలా వద్దా?"

"ఉండాలి. మనం వెళ్ళొద్దు విల్ఫ్."

"ఆఁ? నువ్వూ మానేస్తావా?"

"మానేస్తా. సిద్ధాంతం కోసం."

"ఏం సిద్ధాంతం హెడ్లీ?"

"అదే డోరీన్... ఇప్పుడు విల్ఫ్ చెప్పాడే, అది."

"ఆ మరుగుదొడ్లు మొదట్నించీ అక్కడే ఉన్నాయి. సిద్ధాంతమేమో ఈ మధ్యాహ్నమే వచ్చింది."

"నీకు అర్థం కాదు డోరీన్, ఇది కార్ల విషయం. హెడ్లీ, మిగతావాళ్ళ మాటేమిటి?"

"వాళ్ళూ రారట. ఊరేగింపు కబురు తెలిసిందగ్గర్నుంచీ ఒకడికి నడుం నొప్పి. ఒకడికి అత్తగారు దిగింది. ఆ దుప్పటి కొన్నాయన ఉన్నాడే, ఆయనకీ సిద్ధాంతమే."

"ఎంత ఐకమత్యం! చూశావా డోరీన్, మా క్లబ్బు!"

"చూస్తున్నాను. కళ్ళారా చూస్తున్నాను."

"అయినా ఈ వానలో ఏం వెళ్తాం విల్ఫ్? ఆ నల్ల పొట్టేలు పబ్ వెనక, కంచె దగ్గరంతా చిత్తడి. పలకలు జారిపోతాయి."

"ఏ పలకలు?"

"ఏమన్నాను?"

"పలకలన్నావు. పబ్ వెనక పలకలు జారుతాయన్నావు."

"మామూలుగా అన్నాను. లోకంలో పలకలు జారవా?"

"హెడ్లీ. నా మొహం చూడు. కారు దించుకునే పలకలేనా?"

"టీ బావుంది డోరీన్."

"హెడ్లీ!"

"మా అల్లుడి ట్రైలరు. పడవలు లాగేది. చాలా? నీ కడుపు చల్లబడిందా?"

"ఓరి దొంగా! ఏటా ఆ కంచె దగ్గర టైర్ల గుర్తులు చూసి, ఎవరో ప్రేమజంట రహస్యంగా కలుసుకుంటున్నారనుకునేవాణ్ణి. చప్పుడు చెయ్యకుండా పక్కకి దించుకునేవాణ్ణి!"

"నీ గుర్తులు చూసి నేను దొంగసారా బండి అనుకున్నాను. ఎవరైనా చూస్తే నన్నూ జైల్లో వేస్తారని వణుక్కుంటూ... ఆగు. నువ్వెందుకు దించుకునేవాడివి?"

"నేను... మామూలుగా అన్నాను."

"విల్ఫ్! నువ్వూనా? కప్పు గెలిచిన విల్ఫ్! తెరచాప విల్ఫ్! నీ కథ విని నేను నిద్రపోలేదయ్యా ఆ రాత్రి! నేనొక్కణ్ణే పాపిష్టివాణ్ణని చర్చిలో వెనక బెంచీ మీద కూచుంటున్నాను!"

"మరి నీ అద్దం మీద ఈగలు?"

"చర్చి కిటికీలో దొరుకుతాయి. వెనక బెంచీ పక్కనే."

"ఇద్దరూ నోళ్ళు మూసి ఆ చప్పుడు వినండి."

"ఏముంది, ఎవరో కుట్టుమిషన్ తొక్కుతున్నారు."

"కుట్టుమిషన్ వీధిలో ఎందుకొస్తుంది విల్ఫ్? మిస్ బ్రూక్ కారది. మన గుమ్మంలోనే ఆగింది."

"టీచరుగారా! హెడ్లీ, లే, లే! చొక్కా దోపుకో!"

"నువ్వు కాళ్ళు దించుకో ముందు!"

"రండి టీచరుగారూ. అయ్యో, నిలువునా తడిసిపోయారే!"

"తడవక ఏమవుతానమ్మాయ్, నా కారు పైకప్పు గుడ్డదేగా. ఎవరు వీళ్ళు? విల్ఫ్రెడ్, హెడ్లీ. మూడో తరగతిలో కిటికీ పగలగొట్టినప్పుడు సరిగ్గా ఇలాగే కూచున్నారు. ఏం చేశార్రా?"

"ఏం లేదు టీచరుగారూ."

"ఏమీ లేదండీ."

"ఇద్దరూ ఒక్కసారే 'ఏం లేదు' అన్నారంటే ఏదో ఉందనే. పోన్లే. రేపు వస్తున్నారుగా? ఈ ఊరేగింపు పెట్టించింది నేనే."

"మీరా!"

"కమిటీ వాళ్ళ దగ్గరికెళ్ళి అడిగాను. కాదనలేకపోయారు, వాళ్ళల్లో సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్ళే. ఏటా నేనూ వెళ్తున్నాను గదరా ఆ ప్రదర్శనకి."

"మేమెప్పుడూ మిమ్మల్నక్కడ చూళ్ళేదే టీచరుగారూ."

"ఎలా చూస్తావు హెడ్లీ? చీకటుండగానే బయల్దేరతాను. మొదటి కొండ సగంలో ఇంజను కాగిపోతుంది. అది చల్లారేదాకా కూచుని అల్లికలు అల్లుకుంటాను. పోయినేడు వెళ్ళేటప్పుడు ఆ కొండ మీద ఒక మేజోడు, తిరిగొచ్చేటప్పుడు రెండోది పూర్తయ్యాయి. రెండో కొండకి దారినపోయేవాళ్ళెవరో తోస్తారు. దిగేటప్పుడు బ్రేకులు కమురు కంపు కొడతాయి, మళ్ళీ ఆగాలి. మైదానం చేరేసరికి డేరాలు చుట్టేస్తుంటారు. గేటు దగ్గరాయన మంచివాడు. 'అయిపోయిందమ్మా, కప్పు విల్ఫ్ గారికే వచ్చింది, ఆయన పొద్దున తొమ్మిదింటికే దిగాడు' అని చెప్పి, ఫ్లాస్కులో మిగిలిన టీ పోస్తాడు. తాగేసి వెనక్కి బయల్దేరతాను."

"ఏటా... అంతేనా?"

"అంతే విల్ఫ్రెడ్. కానీ ఒకటి గమనించాను. ఇన్నేళ్ళలో మీలో ఒక్కళ్ళు కూడా నన్ను దాటుకుపోలేదు. ఒక్కళ్ళూ ఎదురు రాలేదు. ఇదెలాగా అని ఆలోచించగా ఆలోచించగా అప్పుడు తట్టింది. విల్ఫ్రెడ్‌కి ఇంకేదో దారి తెలుసు! కొండల్లేని దారి. వాడికి లెక్కలు రావు గానీ బుర్రలేనివాడు కాదు. అందరం వాడి వెనక వరసగా వెళ్తే ఆ దారి నేనూ నేర్చుకోవచ్చని, అందుకే ఊరేగింపు అడిగాను. చెప్పు, ఎటువైపు?"

"ఆ దారి... టీచరుగారూ, ఈ వానలకి మునిగిపోయిందండీ."

"ఎక్కడ?"

"వంతెన దగ్గర."

"ఏ వంతెన?"

"ఏ వంతెన హెడ్లీ?"

"నన్నడుగుతావేమయ్యా! దారి నీది, నువ్వే ముంచావు, వంతెన కూడా నువ్వే చెప్పు!"

"విల్ఫ్, నేను ఆ గుడ్డ తీసేస్తున్నాను."

"వద్దు డోరీన్. నా మాట విను. డోరీన్!"

"తీసేశాను."

"ఏమిటమ్మాయ్ ఇది?"

"డైసీ ఇంజను టీచరుగారూ. ఈస్టర్ నుంచి బకెట్లోనే ఉంది. మిగతాది ఆయన్నడగండి."

"విల్ఫ్రెడ్. లేచి నిలబడి చెప్పు."

"నిలబడే ఉన్నానండీ. వేరే దారి లేదు టీచరుగారూ. ఉన్నది ఆ ఒక్క దారే. నేను దాని మీద ఎప్పుడూ తోల్లేదు. మా బావమరిది గుర్రాల ట్రైలర్లో ఎక్కించి, దుప్పటి కప్పి, పబ్ వెనక దించుకుని, బురద పూసుకుని..."

"ఈగలు కూడా చెప్పు."

"ఈగలు అంటించుకుని."

"హెడ్లీ?"

"పడవల ట్రైలరండీ."

"మిగతావాళ్ళు?"

"వాళ్ళ సంగతి తెలీదు గానీ టీచరుగారూ, రేపు ఒక్కళ్ళూ రావట్లేదు. దాన్నిబట్టి మీరే అనుకోండి."

"అందుకా, దారి అంత ఖాళీగా ఉండేది!"

"ఆ కప్పు మీది టీచరుగారూ. మొదట్నించీ మీదే. నేను రేపు మైదానంలో అందరి ముందూ ఒప్పుకుంటాను. ఇంజను లేకపోతే నడిచొస్తాను. డోరీన్, కప్పు ఇలా తీసుకురా."

"బిస్కట్లున్నాయి."

"బిస్కట్లతో సహా తీసుకురా!"

"అరవకు విల్ఫ్రెడ్. కూచో. హెడ్లీ, నువ్వూ కూచో, ఆ ఏడుపు మొహం మాను. ఆ ట్రైలర్లో గుర్రాలు ఎన్ని పడతాయి?"

"రెండండీ."

"రెండు గుర్రాలు పట్టేచోట రెండు బుడగ కార్లు పట్టవా?"

"పడతాయి గానీ... ఎందుకండీ?"

"మీ బావమరిదికి ఫోను చెయ్యి. పొద్దున్నే నా కారు కూడా ఎక్కించుకోమను. ఊరేగింపు అడిగింది నేనే, వద్దని నేనే చెప్పేస్తాను."

"టీచరుగారూ! ఈ ఊరు మొత్తం మీద ఇన్నేళ్ళూ నిజంగా తోలుకెళ్ళింది మీరొక్కరే! మీరు ట్రైలరెక్కడమేమిటండీ?"

"అందుకేరా హెడ్లీ. దారంతా నాకు కంఠతా వచ్చేసింది. ఇంతవరకు నేను ఒక్కసారి కూడా చూడంది ఆ ప్రదర్శనే."