మట్టికప్ప

"నానమ్మా, నీ చిన్నప్పుడు కప్పలు తెగ ఉండేవంటగా. కాలేజీలో రాసివ్వాలి, చెప్పవా?"

కప్పల గురించా? ఏంటో మీ చదువులు. ఆ ఫోను కాస్త దూరంగా పెట్టు, నోట్లో పెట్టేట్టున్నావ్. ఊఁ.

మా పుట్టిల్లు రేపల్లె అవతల కదా. తొలకరి పడిందంటే ఇక చూస్కో, ఇంట్లో మాటకి మాట వినపడేది కాదు. బోదురు కప్పలని ఇంతింత ఉండేవిలే. వానలకి మగవి పసుపుపచ్చగా అయిపోయేవి, పెళ్ళికొడుక్కి నలుగు పెట్టినట్టు. ఆ గోలలో మా అమ్మ అన్నానికి పిలిచినా వినపడక, ఆవిడే వచ్చి నెత్తిన ఒక్కటి మొట్టేది. ఆ మొట్టికాయ కోసమైనా మళ్ళీ... సరే, ఏం చెప్తున్నా?

ఆఁ, కప్పతల్లి. వాన రాకపోతే ఆడపిల్లలం ఓ కప్పని తడిగుడ్డలో చుట్టి, వేపమండలతో రోకలికి కట్టి, ఇల్లిల్లూ తిప్పేవాళ్ళం. ప్రతి గుమ్మంలో ఇల్లాలు దాని మీద బిందెడు నీళ్ళు పోసేది. ఊరంతా తిరిగాక కాలవలో వదిలేసేవాళ్ళం. రోకలి ఓ కొస నాది, ఓ కొస మా పెద్దమ్మ కూతురు రత్తమ్మది. అది పొడుగు, నేను పొట్టి, కప్ప నా వైపుకే జారేది. వాన వచ్చేదా అంటావా? వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసే. ఒక్కోసారి వచ్చేది.

పెళ్ళై ఈ అమృతలూరు వచ్చాక, కాదు కాదు, మీ నాన్న పుట్టాక, పురుగుమందు గుళికలొచ్చాయి. నారుమడికని మీ తాతయ్య తెచ్చారు. ఆయనకి ఆ వేళ నడుంనొప్పి. నేనే బుట్ట చంకన పెట్టుకుని చల్లేశాను. మర్నాడు చూద్దును కదా, మడినిండా కప్పలు వెల్లకిలా తేలున్నాయి. మీ తాతయ్యకి చెప్తే, పురుగు చచ్చిందా లేదా అది చూడు అన్నారు. చచ్చింది. నారు నవనవలాడింది. నేనూ సంతోషించాను, అబద్ధమెందుకు. పక్కమళ్ళ వాళ్ళకీ నేనే చెప్పాను చల్లమని.

పైదేశాల వాళ్ళు తింటారని, కప్పకాళ్ళ కోసం గోతాల్లో పట్టుకుపోయేవాళ్ళు కూడా తిరిగేవాళ్ళులే అప్పట్లో. చాన్నాళ్ళు ఆ పాపమంతా వాళ్ళ మీదకే నెట్టాను.

కొన్నేళ్ళకి ఓసారి వాన లేదు, కాలవకి నీళ్ళూ రాలేదు. మీ అత్త అప్పుడు పదేళ్ళది. వీధి పిల్లలతో కలిసి కప్పతల్లి ఆడతామంది. గట్లన్నీ వెతికారు, ఒక్క కప్పా దొరకలేదు. చివరికి బంకమట్టితో కప్పని చేసి, చింతగింజలు కళ్ళు పెట్టి, రోకలికి కట్టారు. మొదటింట్లో పోసిన నీళ్ళకి కాళ్ళు కరిగాయి. రెండో ఇంటికి కళ్ళు రాలిపోయాయి. మూడోది మన గుమ్మం. బిందె ఎత్తి పట్టుకున్నాను గానీ చెయ్యాడలేదు.

"పొయ్యవే అమ్మా" అంది మీ అత్త.

పోశాను. రోకలికి వేపమండలు మిగిలాయి. బురదనీళ్ళు నా కాళ్ళ మీదుగా పోయాయి. పిల్లలు నవ్వారు. నాకు ఏడుపొచ్చిందే. వాళ్ళకి కప్ప లేకుండా చేసింది నా చెయ్యే కదా.

ఇప్పుడెందుకు చెప్తున్నానంటే, మన పెరట్లో అంట్లు తోమే చోట తడిమూల ఉందే, అక్కడ ఒకటుంది. మొన్న వానకి అరిచింది. బదులు పలికేది లేదు, పాపం, ఒక్కటే అరిచింది. నేను కాఫీ చల్లారిపోయేదాకా వింటూ కూర్చున్నా. రేపు తాపీమేస్త్రి వస్తాడట, పెరడంతా సిమెంటు చేయిస్తాడట మీ నాన్న, నేను జారిపడతానని. నా మంచికే, కాదనలేను. నువ్వు చెప్పు మీ నాన్నకి. ఆ మూల చాపంత మేర వదిలెయ్యమను. నేనటు అడుగు పెట్టను, ఒట్టు.

ఇదంతా ఎక్కిందా ఆ ఫోన్లో? మంచిదేలే, మీ నాన్నకి వినిపించు. చల్లగా ఉండు తల్లీ. ఎప్పటికైనా నువ్వు అన్నానికి పిలిస్తే, కప్పల గోలలో నీ పిల్లలకి వినపడకూడదు. నువ్వే వెళ్ళి నెత్తిన మొట్టాలి.