రెండో టెర్మినల్

స్ఫాక్స్ యూనివర్సిటీ కంప్యూటర్ గదిలో రేపటి ఫలితాల హడావిడి.

"రఫీకా మేడం, మీరు రెండుచోట్ల లాగిన్ అయ్యారేంటి?"

"నీ పక్కనే ఉన్నాగా, నిజార్."

"సర్వర్‌లో ఎవరెవరున్నారో చూస్తే మీ పేరు రెండుసార్లుంది. ఒకటి ఈ టెర్మినల్. రెండోది బయటినుంచి, పొద్దున తొమ్మిదింటికి. మార్కుల ఫైలు తెరిచి ఉంది."

"ఏ అడ్రస్ నుంచి?"

నిజార్ అంకెలు చదివాడు. రఫీకా తెరమీదికి వంగి అవే అంకెలు మళ్ళీ చూసుకుంది.

"అది మా ఇల్లు. ఇంట్లో మా ఆయనొక్కడే ఉన్నాడు."

"మీ ఆడబిడ్డ ఈసారి పరీక్ష రాసింది కదూ?"

"ఎన్నింటికొస్తావని పొద్దున మూడుసార్లు అడిగాడు. ప్రేమనుకున్నా."

"లైను తెంచెయ్యనా మేడం?"

"వద్దు. ఆ రెండో టెర్మినల్ తెరమీద పడేలా ఓ మాట పంపు. వస్తున్నా, కుర్చీలోంచి లేవకు అని."