మూగ పెండ్లికి రాజేశం వెట్టిన సప్పుడు

కోరుట్ల బస్టాండు పక్కన మొగిలి చాయ్ హోటల్ల రాజేశం కూసున్నడంటే ఇంకొకలకు మాట దొరకది. డెబ్బై ఏండ్లు దాటినయి గని గొంతు తగ్గలే. ఆ దినం ముచ్చట పాత టేపురికార్డర్ల మీదికి మళ్లింది.

"జగిత్యాల డాక్టరు బిడ్డ పెండ్లి. ఆయనే చిన్న కెమెరాతోని సినిమా తీసిండు. బొమ్మ ఆడ్తది గని సప్పుడు లేదు, అందరు మూగోళ్ల లెక్క నోర్లు ఆడిస్తున్నరు. 'రాజేశం, దీనికి పానం నువ్వే పొయ్యాలె' అన్నడు. రెండు చక్రాల టేపురికార్డరు వట్టుకొని సిరిసిల్ల, వేములవాడ తిరిగి సప్పుళ్లన్ని పట్టుకచ్చిన. గని టేపు ఉరుకుతది, బొమ్మ నడుస్తది, జత కుదరది. అప్పుడు నేనేం జేసిన్నో ఎర్కేనా? చక్రం మీద బొటనవేలు వెట్టి, అర్ధగంట ఒత్తుకుంట ఇడుసుకుంట నడిపిన. ఎంటికవాసి తేడా రాలే!"

"వేలు కాలలేదా కాక?" అన్నడు మొగిలి.

"పొగ లేసింది. ఊదుకుంట నడిపిన. ఇగ సినిమాల వాన మొదలైంది, నేను వాన సప్పుడు ఇడిసిన. చూసేటోళ్లు చెప్పులు చేతుల వట్టుకొని అరుగు మీదికి ఉరికిన్రు. బొమ్మల ఎద్దు రంకేసింది, కొడిమ్యాల దాక ఎడ్లు పలుపులు తెంపుకున్నయి. ఆ తర్వాత ఏమైందో ఎర్కేనా? పెండ్లిపిల్ల తెర మీదికెంచి నా దిక్కు తిరిగి, 'రాజేశమన్నా, జర సప్పుడు తగ్గియ్యి, పంతులు మంత్రం ఇనవడ్తలేదు' అన్నది!"

అందరు నవ్విన్రు. బుగ్గారం నుంచి అచ్చి మూలకు కూసున్న సామేలు నవ్వలే.

"కాక, ఆ పెండ్లిల డప్పు కొట్టింది మా బాపు," అన్నడు మెల్లగ. "సినిమా చూసచ్చి ఇంట్ల చెప్పిండు. మొదట్లనే టేపు చిక్కువడి తెగిందట గదా. నువ్వు తెర ఎన్కకు పోయి సప్పుళ్లన్ని నోటితోనే చేసినవట."

హోటలంత గొల్లుమన్నది. రాజేశం మొఖం చిన్నగైంది. ఇన్నేండ్ల సంది ఈ ముచ్చట ఎవ్వలకు ఎర్కలేదనే అనుకున్నడు.

"నిన్ను నవ్వులపాలు చేద్దామని అనలే కాక," అన్నడు సామేలు. "బాపు పోయి ఆరేండ్లాయె. ఆయన దరువు ఎట్లుండెనో మా పోరగాండ్లకు చెప్దామంటే నాకే యాదికస్తలేదు. నీకు ఎర్కుంటదని అచ్చిన."

రాజేశం గిలాస పక్కకు జరిపిండు. బల్ల మీద వేళ్లు ఆనిచ్చి, కండ్లు మూసుకొని, నోటితోని డప్పు దరువు అందుకున్నడు. నవ్వుడు ఆగింది. మొగిలి స్టవ్ మంట తగ్గిచ్చిండు. మెల్లగ షురువైన దరువు ఎక్కుకుంట ఎక్కుకుంట పోయి, నడిమిట్ల టక్కున ఆగింది.

"గీడ మీ బాపు ఒక దెబ్బ ఎక్కువ ఏసేటోడు, సామేలు," అన్నడు రాజేశం. "గది నాకు రాదు. అప్పుడు గూడ రాలే."