గుజ్జు ఇంజెక్షన్

ఉదయం. జిమ్ ఇంకా నిండలేదు. బరువులెత్తే చెల్లెలు బెంచీ మీద కూర్చుని మోకాలి పట్టీ విప్పుతోంది. ఆమెకు శిక్షణ ఇచ్చే అన్న ఎదురుగా నిలబడ్డాడు.

“పట్టీ విప్పుతావేం? ఇంకా రెండు సెట్లున్నాయి.”

“నొప్పి తట్టుకోలేక ఇందాక డాక్టర్‌కి ఫోన్ చేశా. ఆయన తిట్టిపోశాడు. నిన్న మోకాలికి వేసిన ఇంజెక్షన్ తర్వాత రెండు రోజులు బరువు ముట్టొద్దని నీకు చెప్పాడటగా?”

“నా వెనకాల ఆరాలు తీస్తున్నావా? డాక్టర్లు అలాగే అంటారు. అది హైలురోనిక్ యాసిడ్, విషం కాదు. నొప్పీ పోతుంది, కండా పెరుగుతుంది.”

“కండ పెరగడమేంటి? అది గుజ్జు అరిగిన కీలుకి వేసే మందు. కండకీ దానికీ ఏ సంబంధమూ లేదన్నాడు.”

“గొంతు లేపకు. నిన్ను ఇంతదాన్ని చేసిందెవరు?”

“నువ్వే. అందుకేగా మారు మాట్లాడకుండా సూది వేయించుకున్నా! అడిగానా ఒక్క మాట?”

“పోటీలు నెత్తిమీదున్నాయి. నీ వయసులో నేను సూది వేయించుకున్న పూటే ఎత్తేవాణ్ణి. నాకేమైంది?”

“ఏమీ కాలేదా? అయితే ఈ బెంచీ కింద ఇనప బిళ్ళ ఉంది. గొంతుక్కూర్చుని తియ్యి.”

“ఇప్పుడదెందుకు?”

“తియ్యన్నా. తీసి లేచి నిలబడు. ఆ తర్వాత నువ్వెంత చెబితే అంత ఎత్తుతా.”

అన్న బెంచీ అంచు పట్టుకుని సగం దాకా వంగి, అక్కడే ఆగిపోయాడు.

“కాలితో లాగుతాలే.”

“జరుగు, నేనే తీస్తా. నా మోకాళ్ళు ఇంకా వంగుతున్నాయి.”