పందులకు వైద్యభాష నేర్పిన ప్రేబెన్

ప్రేబెన్ కాఫీ కప్పు బల్ల మీద పెట్టి, మీసం తుడుచుకుని, కుర్చీ ఒక్క జానెడు వెనక్కి జరిపాడంటే ఆ గదిలో ఉన్నవాళ్లందరికీ తెలిసిపోతుంది, ఇక ఇప్పట్లో ఎవరూ లేవరని. డెన్మార్క్‌లోని యూట్లాండ్ పడమటి తీరంలో, సముద్రపు గాలికి కిటికీలు పగలంతా గొణుక్కుంటూ ఉండే ఆ ముసలివాళ్ల కేర్ హోమ్‌లో పొద్దుటి కాఫీ విరామం అంటే ప్రేబెన్ సొంత జాగీరు. ముప్ఫై ఏళ్లుగా అక్కడే సహాయకుడు. ముసలివాళ్లని లేవదీసి కూర్చోబెట్టడంలో అతని చెయ్యి ఎంత మెత్తనో, నోరు అంత పెద్దది.

మామూలు రోజైతే సోల్వై కూడా అందరికంటే ముందు కుర్చీ లాక్కుని కూర్చునేది. ఈ రోజు బల్ల చివర కూర్చుంది. ఎదురుగా పళ్లెంలో రై రొట్టె, దాని మీద లివర్ పేస్టు, ఒక బీట్‌రూట్ ముక్క. ముట్టుకోలేదు. ఒళ్లో ఫోను. ఫోనులో శిక్షణ బడి నంబరు. నొక్కితే చాలు. ‘ఒంట్లో బాగోలేదు, పరీక్షకి రాలేను’ అనడానికి ఎంతసేపు పడుతుంది?

మధ్యాహ్నం పట్నంలో ఆమెకి వైద్యపదాల పరీక్ష. నోటితో చెప్పే పరీక్ష. వసంతంలో ఒకసారి వెళ్లి, ఇద్దరు పెద్దమనుషుల ముందు కూర్చుని, ఒక్క మాట రాక తిరిగొచ్చింది. ఇవాళ కూడా పోతే శిక్షణ ఆగిపోతుంది, దాంతోపాటు ఇక్కడి పనీ పోతుంది. పోతే మళ్లీ చేపల ఫ్యాక్టరీ. పదిహేనేళ్లు చేపలు కోసిన చేతులు అవి. ఇక్కడికొచ్చాకే ఆ చేతుల్ని ఎవరైనా పట్టుకుని, కాసేపు కూర్చోవే అని అడగడం మొదలైంది. వాటిని మళ్లీ ఐసులో పెట్టాలంటే ఆమెకి ఏడుపొస్తోంది. కానీ మళ్లీ ఆ ఇద్దరి ముందు మూగదానిలా కూర్చోవాలంటే అంతకంటే ఎక్కువ ఏడుపొస్తోంది.

రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోకుండా కాఫీ తాగుతున్న ఆస్గర్ ఇదేమీ తెలియక అడిగేశాడు. “సోల్వై, ఇవాళే కదూ నీ పదాల పరీక్ష?”

ఆమె తలూపేలోపే కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు.

“పదాల పరీక్షా? ఓస్, అదా!” అన్నాడు ప్రేబెన్. “నేనైతే శని, ఆదివారాల్లో నేర్చేసుకున్నాను. అదీ కుర్చీలో కూర్చుని కాదు, మా అన్న ఫారంలో పందుల దొడ్డి కడుగుతూ. అందులో ఏముంది? రైలు పెట్టెలు తగిలించినట్టే. ముందు పెట్టె ఒంట్లో ఏ భాగమో చెబుతుంది, వెనక పెట్టె దానికేం వచ్చిందో చెబుతుంది. నెఫ్రో అంటే మూత్రపిండం, గ్యాస్ట్రో అంటే పొట్ట, హెపాటో అంటే ఇదిగో నీ రొట్టె మీదున్న లివరు. వెనకాల ఐటిస్ తగిలించావా, వాపు. నెఫ్రైటిస్, గ్యాస్ట్రైటిస్, హెపటైటిస్. బండి కదిలిపోయింది! చీపురు ఒక చేత్తో, పుస్తకం ఒక చేత్తో. ఆదివారం సాయంత్రానికి దొడ్డీ శుభ్రం, పుస్తకమూ శుభ్రం.”

“బాగుందే” అన్నాడు ఆస్గర్. ఇంతవరకూ నమ్మడానికి అతనికేం ఇబ్బంది లేదు.

“బాగుండడమేమిటి, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మా అన్న దగ్గర ఓల్గా అని ఒక ఆడపంది ఉండేది. నాకు గుర్తుండడానికి, సుద్దముక్క తీసుకుని దాని ఒంటి మీద ఎక్కడి పేరు అక్కడ రాశాను. గుండె దగ్గర కార్డియో, ఊపిరితిత్తుల దగ్గర పల్మో.”

“పంది కదలకుండా నిలబడిందా?”

“నిలబడడమా! ఇటుపక్క రాయడం అవగానే తనే తిరిగి అటుపక్క చూపించింది. అంతటితో ఆగిందా? మర్నాడు నేను పల్మో అన్నాను, ఓల్గా గట్టిగా ఊపిరి పీల్చింది. గ్యాస్ట్రో అన్నాను, వెల్లకిలా పడుకుని పొట్ట చూపించింది. దాన్ని చూసి మిగతా పందులూ వరసకట్టాయి. తవుడు తొట్టి దగ్గరికి పిలిచినా రావే! ముందు పాఠం, తర్వాతే తిండి. వారం తిరిగేసరికి పశువుల డాక్టరు వచ్చాడు, ఒక పందికి జబ్బు, ఏమిటో తేల్చలేకపోతున్నాడు. ఓల్గా వెళ్లి జబ్బు పంది నడుము దగ్గర ముక్కు ఆనించి నావైపు చూసింది. నెఫ్రైటిస్! పరీక్ష చేయించారు. నెఫ్రైటిసే! ఆ డాక్టరు సంచీ కింద పెట్టి, పందుల వెనకాల ఆఖరి వరసలో కూర్చున్నాడు పాఠానికి.”

ఆస్గర్ పడీ పడీ నవ్వాడు. సోల్వై కూడా నవ్వడానికి చూసింది గానీ పెదాలు సాగలేదు. కథేనని ఆమెకి తెలుసు. తెలిసినా లోపల ఎవరో అంటున్నారు, పందులకి కూడా వచ్చిందట, నీకు రాలేదు. బొటనవేలు ఫోను మీదికి పోయింది.

కిటికీ పక్కన గుడ్రున్ బీట్‌రూట్ దుంపల తొక్క తీస్తోంది. వంటగది ఆమెది. ప్రేబెన్ ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ ఇతని కథలు వింటూనే ఉంది, ఏ ఒక్క కథనీ ఇంతవరకూ చెడగొట్టలేదు. ఆమె కళ్లు ఒకసారి సోల్వై ఒళ్లోకి వెళ్లి వచ్చాయి.

“ఇక పందులకి నా దగ్గర నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు” అని ప్రేబెన్ అందుకున్నాడు. “సముద్రం ఒడ్డుకి పోయి, ఇసుకదిబ్బ ఎక్కి, గొంతెత్తి చదవడం మొదలుపెట్టాను. టాకీ అంటే వేగం, బ్రాడీ అంటే నిదానం. నార్వే దాకా వినపడింది.”

“ఆగాగు” అన్నాడు ఆస్గర్. “ఇక్కడ గాలి పడమటి నుంచి కదా కొట్టేది? నీ గొంతు స్వీడన్ వైపు పోవాలి గానీ నార్వేకి ఎలా పోతుంది?”

“మామూలు గొంతైతే అంతే. నా గొంతు విని గాలే పక్కకి తప్పుకుంది. విను. అక్కడ ఒక పడవలో ఒక నార్వే జాలరికి గుండె దడదడా కొట్టుకుంటోంది. టాకీకార్డియా. ఇక ప్రాణం పోతుందని తోటివాళ్లు టోపీలు తీసేశారు. సరిగ్గా అప్పుడే నేను ఇక్కడి నుంచి ‘బ్రాడీ’ అని అరిచాను. ఆ గుండె నా మాట విని నిదానించింది! మరీ నిదానించేసరికి మళ్లీ టాకీ అని అరిచాను. అలా కాసేపు టాకీ, కాసేపు బ్రాడీ, రేడియో ముల్లు తిప్పినట్టు తిప్పి తిప్పి సరైన చోట నిలబెట్టాను. కృతజ్ఞత కొద్దీ వాళ్లు కాడ్ చేపలు పంపించారు. తినీ తినీ ఊళ్లో పిల్లులు శాకాహారం పట్టాయి.”

“మరి పరీక్ష?”

“అక్కడికే వస్తున్నా. నేను గదిలో అడుగు పెట్టాను. వాళ్లడగడం, నేను చెప్పడం. వాళ్లడగడం, నేను చెప్పడం. చివరికి వాళ్ల దగ్గర పదాలు అయిపోయాయి. ఒకాయన టై వదులు చేసుకుని, ప్రేబెన్ గారూ, మీరే ఏవైనా ఇవ్వండి అన్నాడు. ఏం చేస్తాను? ఇంకా పుట్టని జబ్బులకి కూర్చుని పేర్లు పెట్టాను. అంత చక్కటి పేర్లు విని ఆ జబ్బులు సిగ్గుపడి, రావడమే మానుకున్నాయి. మీరంతా ఆరోగ్యంగా తిరుగుతున్నారంటే దాని వల్లే, నాకు థాంక్స్ అక్కర్లేదు. ఇంకో సంగతి. లాటిన్ చచ్చిపోయిన భాష అంటారు చూడు? ఆ రోజు నా ఉచ్చారణ విని లేచి కూర్చుని మంచినీళ్లడిగింది.”

ఆస్గర్ కళ్లు తుడుచుకుంటున్నాడు. సోల్వై తల వంచుకుని ఫోను తెర వెలిగించింది. ఆమెకి ఇప్పుడు ఆ గది కనపడుతోంది, ఆ ఇద్దరు పెద్దమనుషులు, మధ్యలో ఒక ఖాళీ కుర్చీ. ఆ కుర్చీలో ప్రేబెన్ లాంటివాళ్లు కూర్చోవాలి. ఆమె లేచింది, బయటికి పోయి మాట్లాడదామని.

“ఎక్కడికమ్మాయ్, అసలు ఘట్టం ఇప్పుడే!” ప్రేబెన్ చెయ్యి అడ్డం పెట్టాడు. “ఫస్టున పాసయ్యాను. మర్నాడు మొత్తం హోమ్‌కి కేకు తెచ్చాను. ఎంత కేకు! వంటగది తలుపు ఊడదీస్తే గానీ లోపలికి పట్టలేదు. సముద్రంలో ఓడలు దాన్ని చూసి దీపస్తంభం అనుకుని దారి మార్చుకున్నాయి. అబద్ధమైతే గుడ్రున్‌నే అడగండి. చెప్పు గుడ్రున్, పరీక్ష మర్నాడు కేకు తెచ్చానా, లేదా?”

గుడ్రున్ కత్తి పక్కన పెట్టింది. ఎర్రబడ్డ వేళ్లు ఏప్రన్‌కి తుడుచుకుంది.

“తెచ్చావు. రెండు ముక్కలు తిన్నాను. బాగుంది.”

“విన్నారా!”

“దాని మీద జెండాలేవి ప్రేబెన్?”

ఆస్గర్ కాఫీ కప్పు కింద పెట్టేశాడు. అక్కడ పుట్టిపెరిగిన ఎవరికీ ఆ ప్రశ్న విడమరిచి చెప్పనక్కర్లేదు. పుట్టినరోజైనా, మనవడు పుట్టినా, పరీక్ష పాసైనా కేకు మీద చిన్న చిన్న డెన్మార్క్ జెండాలు గుచ్చి తెస్తారు. జెండాల్లేని కేకు ఇంకొకటి ఉంది. పనిలో ఎవరైనా ఘనకార్యం వెలగబెడితే, మర్నాడు తోటివాళ్లందరికీ తెచ్చి పెట్టుకోవాల్సిన కేకు. తప్పు కేకు.

“జెండాలా? గాలికి ఎగిరిపోయాయి” అన్నాడు ప్రేబెన్.

“వంటగదిలోనా?”

“తలుపు ఊడదీశామని చెప్పానుగా!”

ఆస్గర్ నుదురు బల్లకి ఆనించేశాడు. “గుడ్రున్, నీకు పుణ్యముంటుంది, ఏం చేశాడో చెప్పు!”

“పరీక్ష గదిలో, రోగిని లేవదీయడం నేర్పే పాఠాలకి వాడే మంచం ఒకటి ఉంది” అంది గుడ్రున్. ఆస్గర్‌కి చెబుతున్నట్టే ఉంది గానీ చూపు మాత్రం తలుపు దగ్గర నిలబడ్డ సోల్వై మీద ఉంది. “కోపెన్‌హేగన్ నుంచి పరీక్ష చెయ్యడానికి వచ్చినాయన, పాపం, బూటు తాడు కట్టుకుందామని ఆ మంచం అంచున కూర్చున్నాడు. మనవాడు లోపలికొచ్చాడు. రోగి వేషం వేయడానికి తెచ్చిన మనిషనుకున్నాడు. భుజాలు పట్టుకుని వెనక్కి వాల్చి, కాళ్లెత్తి మంచం మీద పెట్టి, తల కింద దిండు సర్ది, గడ్డం దాకా దుప్పటి కప్పి, ఏమీ కాదు తాతా, భయపడకు అన్నాడట.”

“ఆయన కాదని చెప్పలేదా?” సోల్వై అడిగింది. పొద్దుట్నుంచీ ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

“చాలా మర్యాదస్తుడు. చెబితే వీడు నొచ్చుకుంటాడేమోనని ఊరుకున్నాడు. ఇక పదాలు అడిగేదెవరు? అడగాల్సినవాడు దుప్పటి కింద ఉన్నాడు. ఆయనతో పాటు పరీక్ష చెయ్యడానికి వచ్చిన ఆవిడ అడిగిందట గానీ, సంగతి తెలిశాక వీడికి తన పేరు కూడా గుర్తు రాలేదు.”

సోల్వైకి నవ్వు ఎక్కడ్నుంచి వచ్చిందో తెలియదు. తలుపు పట్టుకుని, వంగిపోయి, ఊపిరాడక నవ్వింది. చేతిలో ఫోను తెర తనంతట తనే ఆరిపోయింది.

“అయితే ఫెయిలయ్యాడా? ప్రేబెన్ ఫెయిలయ్యాడా?”

“రెండోసారి కూడా జెండాల్లేని కేకే. అది వేరే కథ, దానిలో ఒక చక్రాల కుర్చీ ఉంది. మూడోసారి మాత్రం కేకు కనపడకుండా జెండాలు గుచ్చి తెచ్చాడు.”

ప్రేబెన్ చెవులు బీట్‌రూట్ రంగుకి తిరిగాయి. అయినా అతను ప్రేబెనే కదా. “పడుకోబెట్టిన విధానం చూశావా ముందు? కోపెన్‌హేగన్‌లో ఆయనకి నెలల తరబడి నిద్ర లేదట. నా దిండు మీద గురక పెట్టాడు. తర్వాత నాకు పూలు పంపించాడు.”

“పూలు పంపలేదు” అంది గుడ్రున్.

“పంపబోయాడు.”

సోల్వై వెనక్కొచ్చి రొట్టె రెండు కొరుకుల్లో తినేసింది. ఫోను కోటు జేబులో వేసుకుని, కోటు భుజాన వేసుకుని, బస్సుకి వేళవుతోందంది. గుమ్మం దాకా వెళ్లి ఆగింది.

“ప్రేబెన్, పరీక్ష చేసేదెవరో, రోగి వేషంలో ఉన్నదెవరో ఎలా కనిపెట్టడం?”

ప్రేబెన్ గొంతు సవరించుకున్నాడు. అందరూ ఇంకో ఓల్గా వస్తుందనే అనుకున్నారు.

“కనిపెట్టక్కర్లేదు. నిన్న చివరి గదిలో పెద్దావిడకి, డాక్టరు అనిపోయిన మాట ముక్కలు చేసి, దేనికి వాపో, ఎందుకు నొప్పో నువ్వు చెబుతుంటే నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. ఆవిడకి అర్థమైంది. నాకూ అర్థమైంది.” అతను ఖాళీ కప్పులోకి చూసుకున్నాడు. “నీకంతా వచ్చు, సోల్వై. ఎవర్నీ పడుకోబెట్టకు, అంతే.”