గాలిమోటరు నూకిన ఉపేందర్

ఉపేందర్ మాట మొదలుపెడితే తారాబాయి పొయ్యి మీద పాలు పొంగిపోవాల్సిందే. శంషాబాద్‌లో సర్వీసు రోడ్డు పక్కనున్న ఆమె చాయ్ హోటల్‌కు వచ్చే క్యాబ్ డ్రైవర్లు చేతిదాకా వచ్చిన బుకింగులు వదులుకుని మరీ అతని కోతలు వినేవాళ్లు. అతను చేసే పని ఏమిటంటే, చుట్టుపక్కల వాళ్లు కట్టుకున్న ఫ్లాట్లను విమానాల్లో వచ్చిపోయే జనానికి రోజుల లెక్కన కిరాయికి ఇప్పించడం. ఒకరు ఖాళీ చేయగానే ఇల్లు ఊడ్పించి, దుప్పట్లు మార్పించి, వెనకాలే వచ్చే వాళ్లకు తాళంచెవి అందించడం. ఎవరు చెప్పినా ఇంతే అవుతుంది. ఉపేందర్ చెబితే మాత్రం ఇంతతో ఆగదు.

ఆ రోజు పొద్దున అతను గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఎదురు బెంచీ మీద జంగయ్య కూర్చుని ఉన్నాడు. పొలంలో ఒక ముక్క అమ్మి జంగయ్య కొత్తిల్లు కట్టాడు. కింద తాము ఉండి, పైనున్న ఫ్లాట్లను రోజుకిరాయికి ఇద్దామని అతని ఆలోచన. పక్కనే అతని భార్య రాములమ్మ. ఆ ఫ్లాట్ల చాబీలన్నీ ఆమె కొంగుకు ముడేసి ఉన్నాయి. సిటీ నుంచి ఎవరో కంపెనీ కుర్రాడు సాయంత్రం వచ్చి ఆ ఫ్లాట్ల సంగతి మాట్లాడతానన్నాడట. అంటే ఈ చాయ్ పూర్తయ్యేలోపు ఆ ముడి విప్పించుకోవాలి. ఉపేందర్ చేతిలో ఉన్న ఫ్లాట్లు ఒక్కొక్కటే జారిపోయి ఇప్పుడు ఒక్కటే మిగిలింది. జంగయ్యవి కూడా రాకపోతే మళ్లీ గోదాముకు పోయి మూటలు ఎత్తాల్సిందే. అది తలుచుకుంటే అతనికి భయంగా ఉంది. భయమేసినప్పుడే అతని నోరు ఇంకా బాగా లేస్తుంది.

"బాపూ, నేను పెద్ద పెద్ద మాటలు చెప్పేటోన్ని గాదు," అని మొదలుపెట్టాడు.

క్యాబ్ నడిపే రవీందర్‌కు ఆ మాటకే పొలమారింది.

"ఒక్క దినం ముచ్చట చెప్త, ఇని నువ్వే ఇచారం చెయ్యి. మొన్న ఎండాకాలం. పొద్దున ఒక కుటుంబం ఖాళీ చేసి ఎయిర్‌పోర్టుకు పోయింది. మధ్యాహ్నం దుబాయికెల్లి ఇంకో కుటుంబం దిగుతున్నది. నడుమ ఉన్నది జర్రంత టైము, గా జర్రంత టైములనే ఇల్లంత అద్దం లెక్క చేసి పెట్టాలె. చేసిన. గంతే. గదే నా పని, దాంట్ల గొప్పేమున్నది? కానీ గా దినమే ఏమైందో ఎర్కేనా? కరెంటు వోయింది. మిషన్ల దుప్పట్లు పచ్చిగనే ఉన్నయి. మూటగట్టి ఈపుకేసుకొని ఉరుక్కుంట వస్తే, ఊడ్చే భాగ్యమ్మ లేదా, ఆమె గడప మీద కూసున్నది. చీపురు ఒళ్ల పెట్టుకున్నది. ఎంత చెప్పినా కదుల్తలేదు."

"పానం బాగలేదా?" అన్నాడు జంగయ్య.

"పానం మస్తుగున్నది బాపూ. ఊడ్వదట! మనిషి ఇల్లు దాటంగనే చీపురు పడ్తరా, పోయినోళ్లకు కీడు జరుగుతది, వాళ్లు పోయి చేరినంకనే ఊడుస్త అంటది."

రాములమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టి తల ఊపింది. "తప్పేమన్నది? పీనుగ వోయినంకనే గట్ల ఎంటబడి ఊడుస్తరు."

"నేను కాదంటలే అవ్వా! కానీ వాళ్లు పోయేది సింగపూరుకు. వాళ్లు చేరేదాక ఆగితే దుబాయోళ్లు మెట్ల మీద పండాలె. బతిమిలాడిన, గదుమ పట్టుకున్న. ఆఖరికి ఏమన్నది? గాలిమోటరు నేల ఇడిసి లేసిందంటే పొలిమేర దాటినట్టే, గప్పుడు ఊడుస్త అన్నది. నాకైతే గసొంటి పట్టింపులు ఏం లెవ్వు, నేను కొత్త జమానా మనిషిని. కానీ పెద్ద మనిషి మాట తీసేయలేం గదా. సరే అని ఫోన్ల చూస్తే ఏమున్నది? గాలిమోటరు లేస్తలేదు. లేట్ అని రాసున్నది."

ఇక్కడిదాకా ఉపేందర్ చెప్పిందంతా నిజం. ఆ తర్వాత నిజంగా జరిగింది ఏమిటంటే, దుబాయి నుంచి వచ్చినవాళ్లు పసిపిల్లతో సహా మెట్ల మీద, తెచ్చుకున్న పెట్టెల మీద కూర్చుని, ఆ విమానం లేచేదాకా చెమటలు కక్కారు. పోతూ పోతూ ఒక్క స్టార్ ఇచ్చి, దాని కింద తిట్లు రాసి పోయారు. ఆ వారమే ఇంటి ఓనరు చాబీలు వెనక్కి తీసుకున్నాడు. ఆ పసిపిల్ల ఏడుపు తలుచుకుంటే ఇప్పటికీ ఉపేందర్‌కు సిగ్గుతో చెవులు కాలతాయి. కానీ చాబీలు అడగడానికి వచ్చి ఆ కథ ఎవరు చెబుతారు? అతను ఒక గుటక చాయ్ తాగి, మీసం తుడుచుకుని, పైకి లేచి నిలబడ్డాడు.

"తర్వాత ఏం చేసిన్నో ఎర్కేనా? బండి తీసిన. సీదా ఎయిర్‌పోర్టు. గేటు కాడ జవాను తుపాకి అడ్డం పెట్టి ఎవలు నువ్వు అన్నడు. ఉపేందర్ అన్న. అంతే! తుపాకి పక్కకు పెట్టి, ‘మా బావ మీ ఫ్లాట్ల దిగిండన్నా, గీజరు నీళ్లు మస్తుగ కాగినయంట’ అని నవ్వుకుంట గేటు తీసిండు."

"టికెట్ లేకుంటనే?" అన్నాడు రవీందర్.

"టికెట్ ఎక్కెటోళ్లకు రవీందర్, నూకెటోళ్లకు గాదు."

"నూకుడేందిరా?" జంగయ్య ముందుకు వంగాడు.

"గదే వస్తున్న బాపూ. లోపటికి పోయి చూస్తే గాలిమోటరు నడి తొవ్వల నిలవడ్డది. లోపలున్న జనం ఉక్కకు పేపర్లతోని ఇసురుకుంటున్నరు. పైలట్ నన్ను చూసి, అద్దం దించి, మెడ బయటికి పెట్టి, ‘ఉపేందర్ భాయ్, జల్ది రా, పరేషాన్ల ఉన్న, సెల్ఫ్ తీసుకుంటలేదు’ అని మొత్తుకున్నడు."

"ఇమానానికి అద్దం దిగుతదా అన్నా?" అన్నాడు రవీందర్.

"ఏసీ బందయితే నువ్వు దింపవా?"

డ్రైవర్లందరూ దింపుతామన్నట్టు తలలాడించారు.

"చూసిన. బ్యాటరీ డౌన్. ‘సెకండ్ గేర్ల ఎయ్యి, క్లచ్ తొక్కి పట్టు, నేను నూకుత, ఊపందుకోంగనే ఇడువు’ అన్న. అక్కడున్న నౌకరోళ్లు ఒకల మొకం ఒకలు చూసుకొని నవ్విన్రు. నేను పట్టించుకోలే. తోక కింద భుజం పెట్టిన, మల్లన్నకు మొక్కిన, నూకిన. కదల్లే. మళ్లొక్కసారి నూకిన. కదల్లే. ఏందిరా నా బలం ఏడికి పోయింది అని ముందుకు పోయి చూస్తే ఏమున్నది, వాడు హ్యాండ్ బ్రేక్ దించలే!"

బెంచీలు ఊగేలా నవ్వారు. ఉపేందర్ మాత్రం నవ్వలేదు. కోతలు కోసేవాడు తన కోతకు తాను నవ్వకూడదని అతనికి బాగా తెలుసు.

"తిట్టి దించిపిచ్చిన. ఇగ చూడు, మొదలు కదిలేదాకనే కష్టం బాపూ, కదిలినంక ఆపుడు కష్టం."

"అవ్, బురదల దిగవడ్డ ట్రాక్టర్ గూడ గంతే," అన్నాడు జంగయ్య. ట్రాక్టర్లు నూకి నూకి కాయలు కాసిన భుజం అతనిది. అందుకని అతనికి ఇది తన సొంత సంగతిలాగే అనిపించింది.

"గట్లనే! భుజం తీద్దమనుకునే లోపట జర్రున లేసింది. నా చెయ్యేమో తోకకే పట్టుకొని ఉన్నది. దాంతోని నేను గూడ లేసిన."

"అయ్యో తమ్మీ!" అంది తారాబాయి. వెనకాల పాలు పొంగి పొయ్యిలో పడ్డాయి.

"కింద చూస్తే శంషాబాద్ అంత పేలాలు పోసినట్టున్నది. తుక్కుగూడ గింతే ఉన్నది. రింగు రోడ్డు మొలతాడు లెక్క కనవడ్తున్నది. నడుమ మన ఫ్లాటు, డాబా మీద భాగ్యమ్మ. కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకొని పైకి చూస్తున్నది. గాలిమోటరును చూసింది. ఏలాడుతున్న నన్ను గూడ చూసింది. చూసి ‘ఆ, లేసింది, ఇగ ఊడ్వచ్చు’ అని చీపురు తీసుకొని లోపటికి పోయింది. పానం ఎట్లుంది బిడ్డా అని గూడ అడగలే!"

"ఆమెది ఆమె పని," అంది రాములమ్మ.

"సరే, పని అయిందనుకుంటున్నరా? ఎదురుంగ దుబాయి గాలిమోటరు వస్తున్నది. దాంట్లనే మన గెస్టులు. ఇల్లేమో ఇప్పుడిప్పుడే ఊడుస్తున్నది. ఇప్పుడు దిగిన్రంటే నా ఇజ్జత్ ఏం గావాలె? ఒక చేత్తోని తోక పట్టుకున్న, ఇంకో చేత్తోని ఈపు మీది దుప్పట్ల మూటలకెల్లి తెల్ల టవల్ గుంజి ఊపిన. ఆ పైలట్ గూడ మనోడే, ఎంటనే గుర్తుపట్టిండు. ఎంతసేపన్నా అని చేత్తోనే అడిగిండు. ఒక చక్కర్ కొట్టి రా అన్న. కొత్తూరు మీదికెల్లి చక్కర్ కొట్టిండు, హాలు అయింది. ఇంకో చక్కర్ కొట్టిండు, వంటిల్లు అయింది. బాత్రూముకు జర ఎక్కువ టైము పడ్తది గదా, దానికి కర్నూలు దాక పంపిన."

"ఎనక వచ్చే ఇమానాలో?" అన్నాడు రవీందర్.

"లైన్ల నిలవడ్డయి. ఒక్కడు హారన్ కొడితే ఒట్టు! మీ లెక్కనా?"

రవీందర్ చేతులెత్తి దండం పెట్టాడు. చాయ్ తాగేసిన వాళ్లు కూడా ఖాళీ గ్లాసులు పట్టుకుని అలాగే కూర్చుండిపోయారు.

"ఇగ నేను దిగాలె. ఎట్ల దిగాలె? పచ్చి దుప్పటి తీసి నాలుగు మూలలు కాళ్లకు చేతులకు కట్టుకున్న. మల్లన్నా అని తోక ఇడిసిన. పైకెల్లి ఎండ, కిందికెల్లి గాలి. వచ్చేటాలకు దుప్పటి ఫెళఫెళ ఎండింది. సూర్యునికి అంత దగ్గర పోయినంక ఇస్త్రీ అయితే ఎవలు జేయాలె, గది గూడ అయింది! సీదా మన డాబా మీద దిగిన, మెట్లు దిగుకుంటనే ముడులు ఇప్పిన, మంచం మీద పరిచిన, ఒక్క మడత లేదు. గప్పుడు టవల్ ఊపిన. దుబాయిది దిగింది. గెస్టులు వచ్చి మంచం మీద కూసొని, ‘అబ్బ, దుప్పటి ఇంత ఎచ్చగున్నదేంది’ అన్నరు. ఐదు స్టార్లు పెట్టిన్రు. ఆరోది పెడ్దమంటే ఫోన్ల జాగ లేదని బాధపడ్డరు!"

ఒక్కసారిగా చప్పట్లు, ఈలలు. రోడ్డు మీద పోయే ఆటోవాడు ఏమైందోనని ఆపి చూశాడు. జంగయ్య కళ్లు తుడుచుకుంటూ లేచి ఉపేందర్ భుజం తట్టాడు. అన్నీ నమ్మాడని కాదు, ఇంత సంతోషంగా నవ్వి అతనికి చాలా రోజులైంది.

"ఇగో ఇనవే, సిటీ పిలగాన్ని రావద్దని చెప్త. చాబీలు ఇయ్యి," అన్నాడు.

ఉపేందర్ గెలిచాననుకుని చెయ్యి చాచాడు. రాములమ్మ నెమ్మదిగా కొంగు ముడి విప్పి, చాబీల గుత్తి అరచేతిలోకి తీసుకుంది. తీసుకుంది గానీ ఇవ్వలేదు.

"ఒక్క మాట బిడ్డా. ఎంటనే ఊడ్వద్దన్న పట్టింపు భాగ్యమ్మకే గదా?"

"ఆమెకే అవ్వా."

"నీకు లేదంటివి."

"నాకు యాడిది!"

"మరి గాలిమోటరు నూకినోనివి, ఆ చీపురు నువ్వే పడితే అయిపోతుండె గదా?"

రవీందర్ బెంచీ మీంచి జారి కింద కూర్చుని మరీ నవ్వాడు. తారాబాయి గరిటె వదిలేసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నిలబడి ఉన్న ఉపేందర్ బెంచీ మీద కూలబడ్డాడు. దుబాయివాళ్లు వచ్చిన ఆ రోజంతా చీపురు చేతికందే దూరంలోనే ఉంది. మెట్ల మీద పసిపిల్ల ఏడుస్తుంటే తను మేడ మీదికీ కిందికీ తిరుగుతూ విమానం కోసం ఆకాశం వైపు చూశాడే తప్ప, ఆ చీపురు పట్టాలని అతనికి తోచనే లేదు. ఎంత సిగ్గేసిందో, అంతే నవ్వు కూడా వచ్చింది.

"గది తట్టలే అవ్వా," అన్నాడు.

ఇప్పుడు రాములమ్మ కూడా నవ్వింది. గుత్తిలోంచి ఒక చాబీ విడదీసి అతని చేతిలో పెట్టింది. ఉపేందర్ దాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు. మళ్లీ ఈలలు పడ్డాయి.

"ఆగు బిడ్డా, ఇంక అయిపోలే. మేస్త్రీలు పోయినకాడికెల్లి దుమ్ము గట్లనే ఉన్నది. ఊడ్చి రా, మిగిలిన చాబీలు గూడ ఇస్త. ఆ ఇంట్లకు ఇంక ఎవ్వలు దిగలే, ఆ ఇంట్లకెల్లి ఎవ్వలు పోలే, గాలిమోటరు లేసేదాక ఆగే పని లేదు. చీపురు తలుపెనక ఉన్నది."